ఏనుగు తూకం, మండలం లెక్క

ఫ్రాన్సు జనాభాను ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టకుండానే తేల్చవచ్చని 1802లో గణితవేత్త లాప్లాస్ చేసి చూపించాడు. ఊరూరా జనన రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి ఏడాదికి ఎన్ని పుట్టుకలో దాదాపుగా తెలుసు. ఒక్క పుట్టుకకు సగటున ఎంతమంది జనం ఉంటారో తెలిస్తే రెంటినీ గుణించుకోవచ్చు. ఆ ఒక్క సంగతి కోసం ప్రభుత్వం చేత 30 జిల్లాల్లో కొన్ని ఊళ్లను ఎంపిక చేయించి, అక్కడ మాత్రం జనాన్ని లెక్కపెట్టించాడు. ఆ ఊళ్లలో ఉన్నవాళ్లు 20,37,615 మంది. మూడేళ్లలో పుట్టిన పిల్లలు 2,15,599 మంది. అంటే ఏడాదికి ఒక్కో పుట్టుకకు 28.35 మంది. దేశమంతటా ఏటా పది లక్షల పుట్టుకలు అనుకుంటే జనాభా రెండు కోట్ల ఎనభై మూడు లక్షల పైచిలుకు.

లాప్లాస్ అక్కడితో ఆగలేదు. ఈ అంకె ఐదు లక్షలకు మించి తప్పయ్యే అవకాశం ఎంతో కూడా లెక్కకట్టాడు. అందుకు వాడిన తర్కం ఇంగ్లండులో థామస్ బేయస్ అనే మతబోధకుడు రాసిపెట్టి పోయినదే. బేయస్ 1761లో చనిపోతే, స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ ఆ కాగితాలను 1763లో రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. లాప్లాస్ తన దారిన తాను అదే చోటికి చేరుకున్నాడు. ముందు మనకు ఉన్న నమ్మకాన్ని అంకెల్లో పెట్టుకోవాలి. కొత్త సాక్ష్యం వచ్చాక, అది ఎంత బలమైనదో చూసి ఆ నమ్మకాన్ని అంత మేరకే సవరించుకోవాలి. బేయస్ పద్ధతి సారమంతా ఇదే.

కొద్దిమందిని చూసి అందరి గురించి చెప్పడం ఒక విద్య. ముందు తెలిసినదాన్ని కొత్త సాక్ష్యంతో కలపడం మరొకటి. రెండూ ఇలా ఒకే మనిషి చేతిలో, ఒకే లెక్కలో కలిసి ఉన్నాయి. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా అవి విడివిడిగా పెరిగాయి, కొంతకాలం ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి కూడా. మళ్లీ కలిపిన వాళ్లలో మన ఏలూరులో పుట్టిన ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్లేలోపు దారిలో ఒక వరి మడి, ఒక సర్కస్ తగులుతాయి.

లాప్లాస్ లెక్కలో లోపం ఊళ్ల ఎంపికలో ఉంది. మేయర్లు శ్రద్ధగా, తెలివిగా పనిచేసే ఊళ్లనే ఎంచుకున్నారు, లెక్క సరిగ్గా వస్తుందని. ఉద్దేశం మంచిదే. కానీ మేయరు శ్రద్ధగా పనిచేసే ఊరు తక్కిన ఊళ్లలాంటిదేనని ఎవరు హామీ ఇస్తారు? ఈ ప్రశ్నకు గట్టి జవాబు రావడానికి 1934 దాకా పట్టింది. ఇటలీలో గినీ, గాల్వానీ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1921 జనగణన కాగితాల్లోంచి కొన్నిటినే దాచిపెట్టాల్సి వచ్చింది. దేశంలోని 214 ప్రాంతాల్లోంచి, ముఖ్యమైన సగటులు దేశం సగటులతో సరిపోయేలా, 29 ఏరి పెట్టుకున్నారు. ఏ సగటులు చూసి ఏరారో అవి చక్కగా సరిపోయాయి. మిగతా విషయాల్లో చూస్తే దేశానికీ ఆ 29కీ పొంతన లేదు. జెర్జీ నేమన్ అనే గణాంకవేత్త 1934 నాటి తన వ్యాసంలో ఈ ఉదాహరణనే పట్టుకుని, ఎంపిక మనిషి ఇష్టానికి వదలకూడదని, లాటరీకి అప్పగించాలని గణితంతో నిరూపించాడు. లాటరీ వేస్తే తప్పు ఎంత ఉండవచ్చో కూడా ఆ లాటరీ నియమాలనుంచే లెక్క తేలుతుంది. జనం గురించి ముందుగా ఏమీ నమ్మాల్సిన పనిలేదు. సర్వేలు చేసేవాళ్లకు బేయస్ అవసరం లేదన్న మాట అక్కడినుంచే బలపడింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మనమంతా అంటాం. గిన్నె అంతటికీ ఒకే నీరు, ఒకే మంట తగిలినప్పుడే ఆ మాట చెల్లుతుంది. సమాజం అలా ఉండదు. రోడ్డు పక్క ఊరు ఒకలా, వాగు అవతలి తండా ఒకలా ఉంటాయి. ఏ మెతుకు పట్టుకోవాలో మన చేతికి వదలకుండా చూసేదే లాటరీ.

మన దేశంలో ఈ పద్ధతిని నేలమీదికి తెచ్చినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1937 నుంచి బెంగాల్‌లో జనపనార సాగు ఎంతో నమూనాలతో అంచనా వేయడం మొదలుపెట్టారు. కమతం కమతమూ తిరిగి రాసే పాత పద్ధతికయ్యే ఖర్చులో చిన్న భాగంతోనే నమ్మదగిన అంచనా వస్తుందని చూపించారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే పుట్టింది ఆ అనుభవంలోంచే. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వేరే ఉంది. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు నమూనాలు తీసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలను పంపేవారు. రెండు బృందాల అంకెలూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే పొలంలోనో, మనుషుల్లోనో, కాగితాల్లోనో ఏదో తేడా జరిగిందన్నమాట. గణితం పట్టుకోలేని తప్పులు ఇలా బయటపడేవి.

అలాంటి తప్పులు ఎక్కడ పుడతాయో తెలియాలంటే పంట కోత ప్రయోగాన్ని దగ్గరగా చూడాలి. మన పల్లెల్లో ప్రతి సీజనులోనూ జరిగేదే ఇది. ఊరు, సర్వే నంబరు, మడి, అన్నీ లాటరీ అంకెల ప్రకారమే ఎంచుతారు. పొలం నైరుతి మూల నిలబడి పొడవు ఎన్ని అంగలో, వెడల్పు ఎన్ని అంగలో కొలుస్తారు. అంకెల పట్టిక చెప్పినన్ని అంగలు పొడవు వెంట, చెప్పినన్ని వెడల్పు వెంట వేసి ఆగినచోట మొదటి మేకు దించుతారు. వరికైతే అక్కడినుంచి ఇటు 5 మీటర్లు, అటు 5 మీటర్లు. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి ఎదురెదురు మేకుల మధ్య దూరం కొలుస్తారు, 7.07 మీటర్లు రావాలి. తాడు బిగించి, లోపలి పైరు కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేస్తారు. తేమ ఎంతో తెలియడానికి అందులో కొంత గింజను ఎండబెట్టి మళ్లీ తూస్తారు. 25 చదరపు మీటర్లలో వచ్చిన బరువును 400తో గుణిస్తే హెక్టారుకు దిగుబడి.

ఆ 400ను గుర్తుంచుకోవాలి. మడిలో 200 గ్రాములు అటూ ఇటూ అయితే హెక్టారుకు 80 కిలోలు అటూ ఇటూ అవుతుంది. తాడు సరిగ్గా దుబ్బుల మీదనే పడుతుంది. సాళ్ల మధ్య 20 సెంటీమీటర్ల ఎడం ఉన్న మడిలో, బయట ఉండాల్సిన ఒక్క సాలు లోపలికి వస్తే దిగుబడి 4 శాతం పెరిగిపోతుంది. కోసే ముక్క చిన్నదయ్యే కొద్దీ ఈ అంచు తప్పు పెద్దదవుతుంది. 1940లలో గణాంకవేత్త పి.వి. సుఖాత్మే దీనినే వేలెత్తి చూపారు. మహలనోబిస్ వాడుతున్న చిన్న చిన్న గుండ్రటి కోత ముక్కలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తాయని, ముక్క పెద్దదిగా ఉండాలని వాదించారు. ఇద్దరు పెద్దల మధ్య ఆ వాదం చాలాకాలం నడిచింది, దేశానికి అది మేలే చేసింది.

అంగలెందుకు, మేకులెందుకు, కంటికి సగటుగా కనిపించే చోట కోస్తే పోలేదా అనిపించవచ్చు. సగటు చోటు కోసమని బయల్దేరిన కాళ్లు మంచి పైరు వైపు పోతాయి. పంట బీమా పరిహారం ఆ తూకం మీదే ఆధారపడిన ఏడాది, ఎండిన పైరు వైపు పోతాయి. పోనివ్వకుండా ఆపేది అంకెల పట్టిక ఒక్కటే.

ఇక సర్కస్. దేవవ్రత బసు ఢాకాలో పుట్టినవారు. కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో సి.ఆర్. రావు దగ్గర డాక్టరేట్ చేశారు. విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని కలకత్తా వెళ్లి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన మన రావుగారే ఆ గురువు. బసు 1971లో అచ్చయిన ఒక వ్యాసంలో కల్పించి చెప్పిన కథ ఇది. సర్కస్ యజమానికి 50 ఏనుగులున్నాయి. ఓడలో తరలించాలి, మొత్తం బరువెంతో అంచనా కావాలి. ఏనుగును తూచడం తేలికైన పని కాదు కాబట్టి ఒక్కదాన్నే తూచాలనుకున్నాడు. మూడేళ్ల కిందటి తూకాల పట్టీ తీస్తే, సాంబో అనే మధ్యరకం ఏనుగు అప్పట్లో సరిగ్గా మంద సగటు బరువు ఉంది. మావటివాణ్ని అడిగితే ఇప్పుడూ అంతేనన్నాడు. సాంబోను తూచి 50తో గుణిద్దామనుకున్నాడు యజమాని.

సర్కస్‌లో ఉన్న గణాంకవేత్త ఒప్పుకోలేదు. లాటరీ లేకుండా ఎంపికేమిటని అడ్డుపడ్డాడు. చివరికి రాజీ కుదిరింది. సాంబోకు నూటికి 99 వంతుల అవకాశం ఇచ్చి, మిగిలిన ఒక్క వంతునూ తక్కిన 49 ఏనుగులకు సమానంగా పంచి లాటరీ వేశారు. అనుకున్నట్టే సాంబో వచ్చింది. యజమాని సంతోషించి, తూచి 50తో గుణించబోయాడు. గణాంకవేత్త మళ్లీ అడ్డుపడ్డాడు. 1952లో హార్విట్జ్, థాంప్సన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఎంపికయ్యే అవకాశంతో బరువును భాగించాలన్నాడు. ఆ సూత్రంలో అర్థం లేకపోలేదు. వెయ్యిలో ఒక్క అవకాశంతో ఎంపికైన కుటుంబం వెయ్యి కుటుంబాల తరఫున నిలబడుతుంది కాబట్టి దాని లెక్కను వెయ్యితో గుణించడం సబబే. మన సర్వేలన్నిటికీ ప్రాణం అదే. కానీ సాంబో విషయంలో ఏమైంది? అవకాశం నూటికి 99 కాబట్టి బరువును 100/99తో గుణించాలి. సాంబో 4,000 కిలోలుంటే, 50 ఏనుగుల మొత్తం బరువు 4,040 కిలోలని అంచనా! పోనీ లాటరీలో పెద్ద ఏనుగు జంబో వచ్చి ఉంటే? దాని అవకాశం 4,900లో ఒకటి. జంబో 5,000 కిలోలనుకుంటే, మంద మొత్తం రెండు కోట్ల నలభై ఐదు లక్షల కిలోలు. పాపం, ఆ గణాంకవేత్త ఉద్యోగం పోయిందని బసు కథ ముగించారు.

ఇందులో లోతు ఎక్కడుందంటే, ఆ సూత్రం గణితంలో ఎక్కడా తప్పు చేయలేదు. అదే లాటరీని లక్షలసార్లు వేసి, వచ్చిన అంచనాలన్నిటి సగటు తీస్తే మంద అసలు బరువుకు సరిగ్గా చేరుతుంది. కానీ లాటరీ వేసేది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఏ ఏనుగు వచ్చినా అంచనా అసలు బరువుకు దరిదాపుల్లో ఉండదు. మూడేళ్ల కిందటి పట్టీ, మావటివాడి మాట, ఏనుగులు ఒకదానికొకటి పదిరెట్లు తేడాగా ఉండవన్న ఇంగితం, ఇవేవీ ఆ సూత్రంలోకి రాలేదు. ముందు తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోమని బేయస్ చెప్పింది వీటి గురించే.

బసు ఇంకా ముందుకు వెళ్లారు. ఒకసారి ఎవరిని చూశామో, ఏం చూశామో తెలిశాక, వాళ్లను ఏ లాటరీతో ఎంచామన్న సంగతికి అంచనాలో చోటు లేదన్నారు. తర్కంగా ఆ మాటను కొట్టిపారేయడం కష్టం. అయినా నేను అంతదూరం వెళ్లను. సర్కస్‌లో యజమానికీ మావటివాడికీ ఏనుగుల బరువు విషయంలో పేచీ లేదు. ప్రభుత్వం, రైతు, బీమా కంపెనీ ఒకే పొలం గట్టు మీద నిలబడినప్పుడు ఒకరి ముందస్తు నమ్మకాన్ని ఇంకొకరు ఎందుకు ఒప్పుకుంటారు? లాటరీ అక్కడ ముగ్గురికీ సాక్షి. అందుకే ఎంపిక లాటరీతోనే జరగాలి. చూసినదానికి అర్థం చెప్పేటప్పుడు మాత్రం ముందు తెలిసిన సంగతులు కూడా కలవాలి. ఈ రెండూ ఎలా కలుస్తాయన్నదే తర్వాతి యాభై ఏళ్ల కథ.

ఆ అవసరం ఎంత దగ్గరిదో మన రాష్ట్రాల్లోనే చూడవచ్చు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమంతటా 6,36,699 ఇళ్లను పలకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 11,346 ఇళ్లు. రక్తహీనత, పిల్లల ఎదుగుదల, కాన్పులు, టీకాలు, ఇలాంటి విషయాల్లో మనకున్న పెద్ద ఆధారం ఇది. ఎంపికైన ఒక్కో ఊళ్లో గానీ వార్డులో గానీ 22 ఇళ్ల చొప్పున తీసుకుంటారు. 11,346ను 22తో భాగించండి, ఐదువందల చిల్లర వస్తుంది. రాష్ట్రంలో మండలాలు ఆరువందల డెబ్బై పైనే. మండలానికి ఒక్క ఊరు కూడా పడలేదన్నమాట. పైగా ఆ సర్వే 13 జిల్లాల లెక్కన జరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరికి వచ్చిన అంకెను కోనసీమకూ రాజమండ్రికీ ఒకేలా అంటగట్టడం న్యాయం కాదు. విడదీసి చూద్దామంటే ఒక్కోదానికి మిగిలే ఇళ్లు తక్కువ. అంగన్‌వాడీకి ఎక్కువ పోషకాహారం ఎక్కడ పంపాలి, డాక్టర్ పోస్టు ఎక్కడ వేయాలి అనే నిర్ణయాలు మాత్రం మండలం స్థాయిలోనే జరగాలి.

అమెరికాకు ఈ ఇబ్బంది 1970లలో ఎదురైంది. కేంద్రం నిధులను చిన్న చిన్న ఊళ్లకు తలసరి ఆదాయాన్ని బట్టి పంచాలి. ఆదాయం అడిగింది జనగణనలో కొంతమందినే. ఐదువందల జనాభా కూడా లేని ఊళ్లో ఆ కొంతమంది మరీ కొద్దిమంది అయిపోతారు. అందుకని జనగణన సంస్థ అలాంటి ఊళ్ల అంకెను పక్కన పడేసి, ఆ కౌంటీ సగటునే ఊరి ఆదాయంగా రాసేది. ఊరు చెప్పిన మాట పూర్తిగా పోయేది. 1979లో రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ అనే ఇద్దరు ఆ సంస్థ ఉద్యోగులే దీనికి మందు కనిపెట్టారు. ఊరి సొంత అంకెనూ, పన్నుల రికార్డులు, ఇళ్ల ధరలు చూసి వేసిన అంచనానూ కలపాలన్నారు. ఏది ఎంత నమ్మదగినదో దాని పాలు అంత.

ఇది ఎలా పనిచేస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక మండలంలో సర్వేకు 12 మంది పిల్లలు దొరికారు. వాళ్లలో ఆరుగురికి ఒక లోపం ఉంది, అంటే 50 శాతం. కానీ 12 మందితో వచ్చిన ఆ అంకె సుమారు 14 పాయింట్లు అటో ఇటో ఊగుతుంది. అదే మండలం అక్షరాస్యత, తాగునీటి వసతి, ఇరుగుపొరుగు మండలాల పరిస్థితి చూస్తే 30 శాతం ఉండాలనిపిస్తుంది, ఆ అంచనా 6 పాయింట్లు ఊగుతుంది. బేయస్ సూత్రంతో రెంటినీ కలిపితే 33 శాతం వస్తుంది. 12 మంది సాక్ష్యం ముందస్తు అంచనాను మూడు పాయింట్లే కదిలించగలిగింది. అదే 120 మందిని చూసి, సగం మందికి లోపం కనబడితే? అప్పుడు కలిపిన అంచనా దాదాపు 43కు వెళుతుంది. సాక్ష్యం పెరిగే కొద్దీ మండలం గొంతు పెరుగుతుంది, పొరుగువాళ్ల గొంతు తగ్గుతుంది. ఏదీ పూర్తిగా మూగబోదు.

ఈ విద్యకు చిన్న ప్రాంతాల అంచనా అని పేరు. దానికి ప్రామాణిక గ్రంథం రాసినవారు జె.ఎన్.కె. రావు. 1937లో ఏలూరులో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, బొంబాయిలో ఎం.ఏ., అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో 1961లో డాక్టరేట్ చేశారు. తర్వాత కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. 1962లో హార్ట్లీ, కాక్రన్‌లతో కలిసి ఆయన ఇచ్చిన నమూనా పద్ధతి ముగ్గురి పేర్లతోనే నిలిచింది. చిన్న ప్రాంతాల గ్రంథం 2003లో వచ్చింది, 2015లో ఇసబెల్ మోలినాతో కలిసి రెండో కూర్పు తెచ్చారు. వాడుకలో మరీ విలువైనదని నాకనిపించేది 1990లో ఎన్.జి.ఎన్. ప్రసాద్‌తో కలిసి రాసిన వ్యాసం. ఇలా పొరుగు ప్రాంతాల నుంచి అరువు తెచ్చుకున్న బలంతో వేసిన అంచనా ఎంత తప్పు కావచ్చో కొలిచే సూత్రం అందులో ఉంది. మండలం అంకె 33 అని చెప్పడం సగం పనే. అది ఎంత ఊగుతుందో చెప్పకపోతే అధికారి 33నీ పక్క మండలం 35నీ పోల్చి, తేడా లేనిచోట తేడా చూసి నిధులు మార్చేస్తాడు.

ఆయన చదువుకున్న అయోవాలోనే ఈ పద్ధతి పంటల మీదికీ వచ్చింది. బ్యాటీస్, హార్టర్, ఫుల్లర్ అనే ముగ్గురు 12 కౌంటీల్లో మొక్కజొన్న, సోయా సాగు ఎంతో తేల్చాలనుకున్నారు. మనుషులు వెళ్లి కొలిచిన ముక్కలు అన్ని కౌంటీలకూ కలిపి 37 మాత్రమే, కొన్ని కౌంటీల్లో ఒక్కటే. ఉపగ్రహ చిత్రాలు మాత్రం కౌంటీ అంతటికీ ఉన్నాయి. నేల మీద కొలిచిన కొద్ది ముక్కలతో ఉపగ్రహం చూపును సరిచేసి, ఆ చూపుతో మిగతా నేల లెక్క కట్టారు. వాళ్ల వ్యాసం 1988లో వచ్చింది. ఉపగ్రహ చిత్రాలతో పంట దిగుబడి అంచనాల గురించి ఇవాళ మన దగ్గర వినిపించే మాటలన్నిటికీ ఆ నేల మీద కొలిచిన ముక్కలే పునాది. మడిలో దించే మేకు లేకుండా ఆకాశంలోంచి చూసింది ఎంత నమ్మాలో తేలదు.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టడం తప్పవుతుంది. పొరుగువాళ్లలాగే ఉంటావన్న నమ్మకంతో మొదలయ్యే లెక్క, పొరుగువాళ్లకు భిన్నంగా ఉన్న ఊరిని మామూలుగా చూపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి లాంటి మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకంతగా ఉందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. అక్షరాస్యత, ఆదాయం, రోడ్లు, ఆస్పత్రి దూరం చూసి వేసే ఏ ముందస్తు అంచనా అయినా ఉద్దానాన్ని ఒక మామూలు కోస్తా ప్రాంతంగానే అనుకుంటుంది. సర్వేలో అక్కడ పదిమందే దొరికితే, ఆ పదిమంది చెప్పిన భయంకరమైన నిజాన్ని సూత్రం జిల్లా సగటు వైపు లాగి చదును చేస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లదీ ఇదే సంగతి, నీటిలో ఫ్లోరైడ్ ఎంతో ముందే లెక్కలో పెడితే తప్ప. అందుకే ఈ పని తెలిసినవాళ్లు కలిపిన అంకెతోపాటు ఊరి సొంత అంకెనూ ఉంచుతారు, రెంటికీ మరీ దూరం ఉన్నచోటికి మళ్లీ మనిషిని పంపుతారు. మండలాల అంచనాలన్నీ కలిపితే రాష్ట్రానికి సర్వే నేరుగా ఇచ్చిన అంకె రావాలని కూడా పట్టుబడతారు. రాకపోతే ముందస్తు అంచనాలోనే తేడా ఉందన్నమాట.

లాటరీయే లేని నమూనాను బేయస్ ఒక్కడే కాపాడగలడా? ఒకోసారి కాపాడాడు. 2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం మీద మూడు లక్షల నలభై వేలమందికి పైగా జవాబులిచ్చారు. వాళ్లలో 93 శాతం మగవాళ్లు, మూడింట రెండు వంతులు ముప్ఫై లోపు కుర్రవాళ్లు. గణాంకవేత్త ఆండ్రూ గెల్మన్ బృందం వాళ్లను వయసు, లింగం, చదువు, రాష్ట్రం, అంతకుముందు ఎవరికి ఓటేశారు అన్న వివరాలతో వేల చిన్న గుంపులుగా విడదీసింది. ఒక్కో గుంపుకు బేయస్ పద్ధతిలో అంచనా వేసి, ఓటర్లలో ఆ గుంపు వాటా ఎంతో దాన్ని బట్టి తిరిగి కలిపింది. వచ్చిన ఫలితం మంచి సర్వేలతో పోటీపడింది. 2021లో మాత్రం కథ అడ్డం తిరిగింది. కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారని ఫేస్‌బుక్ ద్వారా వారానికి రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే, మే నెలలో అసలు కంటే 17 పాయింట్లు ఎక్కువ చెప్పింది. వెయ్యిమందిని జాగ్రత్తగా ఎంచుకున్న సర్వే దానికంటే నిజానికి దగ్గరగా ఉంది. తేడా ఎక్కడుంది? ఎక్స్‌బాక్స్ వాళ్ల దగ్గర, ఓటును నిర్ణయించే సంగతి, అంటే పాత ఓటు, ముందే ఉంది. ఫేస్‌బుక్ లెక్కను వయసుతో, లింగంతో సరిచేశారు, చదువుతో సరిచేయలేదు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా జవాబులిచ్చారు, టీకాలు ఎక్కువగా వేయించుకున్నదీ వాళ్లే. తెలియని తేడాను ఏ సూత్రమూ సరిచేయలేదు. మన ఎగ్జిట్ పోల్స్ చూసేటప్పుడు, ఎంతమందిని అడిగారన్న అంకె పెద్దగా వేసి, ఎలా ఎంచారో చెప్పకుండా దాటేసే టీవీ తెరను నేను నమ్మను. మీరూ నమ్మవద్దు.

చిన్న ప్రాంతాల అంచనా అంతా ఒక పెద్ద లెక్క మీద నిలబడుతుంది, అది జనగణన. ఏ మండలంలో ఎంతమంది, ఎన్ని ఇళ్లు, ఎంత చదువు అన్నది తెలియకపోతే అరువు తెచ్చుకోవడానికి బలం ఉండదు. మన చేతిలో ఉన్నది 2011 నాటిది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా కేంద్రం ప్రకటించింది. అప్పుడు వచ్చే ఎన్యూమరేటరుకూ, ఆ మధ్యలో ఎప్పుడైనా ఫారాలు పట్టుకుని వచ్చే ఆరోగ్య సర్వే మనిషికీ తలుపు తీయండి. కుటుంబ ఆరోగ్య సర్వేలో లాటరీలో పడిన ఇల్లు తలుపు తీయకపోతే దానికి బదులు పక్కింటిని తీసుకోరు, ఆ చోటు ఖాళీగానే మిగిలిపోతుంది. మీ మండలానికి దొరికే పది పన్నెండు జవాబుల్లో మీది ఒకటి కావచ్చు. కాస్త తీరిక చేసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.